సివంగి కడుపులో దూది

మా సెల్వి లాప్‌టాప్‌లో ఒక మెకం నడుస్తా ఉండింది. నేను పక్కనే నేల మీద కూర్చోని కొత్త చింతపండులో గింజలు తీస్తా ఉన్నాను, చేతులంతా పులుపు, గదంతా పులుపు వాసన, ఊరికే ఒకసారి తల ఎత్తి చూసినదాన్ని మళ్ళీ దించలేకపోయినాను. గంధం రంగు చర్మం, ఒళ్ళంతా నల్లచుక్కలు, సన్నగా పొడుగ్గా కాళ్ళు, ఆ కాళ్ళ మీద మాత్రం పెళ్ళికి కొత్తగా కుట్టిన పరుపు మాదిరి దిట్టమైన కడుపు, వెనకాల మొద్దుగా తోక, రెండు కళ్ళ కింద నుంచి దిగిన రెండు నల్లచారలు. కుడికంటి చార ఎడమదాని కంటే లావు. నేను గుర్తుపట్టింది ముఖం చూసి కాదు, ఆ కడుపు చూసి గుర్తుపట్టినాను, ఆ లావు చార చూసి రూఢి చేసుకొన్నాను. ఆ కడుపు మా అమ్మ కుట్టింది. చార కుట్టేరోజు నల్లదారం మాటిమాటికి తెగుతా ఉంటే విసుక్కొని రెండు పేటలు కలిపి కుట్టేసింది, పక్కన నేనే ఉన్నాను.

సెల్వి నా కూతురు. బ్యాండేజీ గుడ్డ నేసే కంపెనీలో బిల్లులు వేస్తాది, ఆదివారమైతే ఈ ఆట ఆడతాది. జూ కట్టే ఆట అంట. మనమే కంచె వెయ్యాల, మనమే చెరువు తవ్వాల, మృగాలను తెచ్చి లోపల వదలాల, బొమ్మమనుషులు వచ్చి వరసగా నిలబడి చూసి పోతారు. ఇప్పుడు బతికుండే మృగాలు చాలవని, ఎప్పుడో పూర్తిగా లేకుండా పోయినవాటిని కూడా ఆడేవాళ్ళే కంప్యూటరులో తయారుచేసి ఒకరికొకరు ఇచ్చుకొంటారంట. ఈ సివంగిని, ఇప్పుడు చీతా అంటారే దాన్ని, అట్ల ఎవరో తయారుచేసినారు. కంచె పక్కన బోర్డు ఉంది. దక్షిణ సివంగి, మన దేశంలో దక్షిణాన మాత్రమే తిరిగిన జాతి, ఉత్తరాది సివంగి కంటే బరువైన ఒళ్ళు, పొట్టి తోక, రాజపాళయంలో ఒక పాత కుటుంబం ఇంట్లో కాపాడిన మెకాన్ని చూసి చేసినది అని రాసుండాది. "మన ఊరి పేరు చూడమ్మా," అని సెల్వి మురిసిపోయింది. కింద ఏయే దేశాలవాళ్ళో మెచ్చుకొంటా రాసినారు, ఆ పొట్టితోక ఎంత ముద్దుగా ఉందో అని ఒకరు, ఇట్లాంటి జాతి ఒకటి ఉండిందని మాకు తెలియనే తెలియదే అని ఇంకొకరు.

నాకు మొదట నవ్వొచ్చింది. నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. కోపం దాని వెనకనే వచ్చింది, ఎందుకొచ్చిందో చెప్తాను, అది ఇంకా దిగలేదు, దిగకముందే ఇది రాస్తా ఉన్నాను. నాకు కోపం ఎక్కువని మా వీధి కుళాయి దగ్గర ఎవరిని అడిగినా చెప్తారు. తమిళనాడులో పుట్టి తమిళ బడిలో చదివినదాన్ని, తెలుగు అక్షరాలు తల నెరిసినాక నేర్చుకొన్నాను, అందుకని ఇంట్లో మేము మాట్లాడేదే రాస్తాను. ఆంధ్రావాళ్ళు చదివి ఇదేమి తెలుగు అని నవ్వితే నవ్వనీ.

మా ఇల్లు పత్తిలో గింజలు తీసే జిన్నింగు ఫ్యాక్టరీ వెనక సందులో ఉండింది. మాసి నెలలో పత్తి దిగే కాలం వచ్చిందంటే చోళపురం నుంచి, సేత్తూరు నుంచి ఎడ్లబండ్లు మూటలేసుకొని వచ్చి మా సందు మొగదల దాకా నిలబడేవి, ఎడ్ల మెడల్లో గంటలు, పేడ వాసన, పత్తిగింజ నలిగిన నూనె వాసన, ఫ్యాక్టరీ కిటికీల్లో నుంచి ఎగిరొచ్చే నూగు సందంతా పట్టి ఆరేసిన చీరల మీద, సాలెగూళ్ళ మీద, మూత తీసిన రసం గిన్నెలో, మా కనురెప్పల మీద అంతటా అదే. పిల్లలం ఆ నూగును చుట్టి గడ్డాలు, మీసాలు అంటించుకొని తాతలాట ఆడేవాళ్ళము, ఎవరు బాగా దగ్గితే వాళ్ళే పెద్ద తాత. చిత్తిరైలో సప్పట్ట మామిడిపళ్ళు గడ్డిలో మాగేసి, టెంక మిగిలేదాకా చీకి, ఆ టెంకకు కూడా నూగు అంటించి దానికొక ముసలమ్మ పేరు పెట్టేవాళ్ళము. ఆడి నెలలో కొండ మీద నుంచి చల్లగాలి దిగేది, ఎండ కాస్తా ఉండగానే సారల్ తుంపర పడేది, ఫ్యాక్టరీ పెరట్లో మగవాళ్ళు అరుచుకొంటా మూటల మీదకి తార్పాలిన్లు లాగేవాళ్ళు, మేము ఆ తార్పాలిన్ల కింద దూరి పత్తిమూటల వెచ్చదనంలో నిద్రపోయేవాళ్ళము. ఎవరూ మమ్మల్ని వెతికేవాళ్ళు కాదు, ఆకలైతే అవే వస్తాయి అనేవాళ్ళు.

మా నాయన ఆ ఫ్యాక్టరీలోనే మూటలు మోసేవాడు. మా అమ్మ పరుపులు కుట్టేది. మిల్లులో తీసేసిన వేస్టు దూది తెచ్చి, ఎండలో పరిచి, కర్రతో కొట్టి, విల్లుతో ఏకి, చారల గుడ్డ సంచిలో కూరి, పొడుగు దబ్బనంతో మూలమూలకి కుట్టు వేసి బిగించేది. ఆమె కుట్టిన పరుపు మీద పడుకొంటే నడుము దిగదని పేరు. దూది కూరేదానికి ఆమె దగ్గర చింతకొమ్మ కర్ర ఒకటి ఉండేది, చివర నున్నగా అరిగిపోయింది, దాంతో పొడిచి పొడిచి ఇంకా పట్టదు అనుకొన్నాక ఇంకొక పిడికెడు పట్టించేది. పాత పరుపు చదును పడి వచ్చినా అంతే, లోపలిది తీసేది కాదు, పైన కొత్తది వేసి కూరేది. పరుపులోనుంచి దూది తీస్తే ఇంట్లోవాళ్ళు అది ఎక్కడ పోయిందని అడుగుతారు, వేస్తే ఎవరూ అడగరు అని చెప్పేది. ఆ మాట సరైనదే. మా మాదిరి మనుషులకు ఆ భయం ఎప్పుడూ ఉంటాది.

మా ఊళ్ళో మిల్లులు పెట్టిన కుటుంబాల్లో ఒకరి పెద్ద ఇల్లు ఉండింది. ఏ ఇల్లో చెప్పను, ఇప్పుడు అది లేదు కూడా. ఆ ఇంటి ముందు గదిలో, నున్నటి నల్లరాతి నేల మీద, చెక్క పలకకు బిగించి ఈ సివంగి నిలబడి ఉండింది. ఆ ఇంటి పెద్దాయన ఎప్పుడో వేటలో కొట్టి, ఎక్కడికో పంపించి గడ్డి కూర్చి తెప్పించినాడంట. వాళ్ళు దాన్ని పులి అనేవాళ్ళు, మేము సివంగి అనేవాళ్ళము. ఆయుధపూజకి మిల్లులో మిషన్లకి పూజ అయినాక, ఇంట్లో తుపాకులు, కత్తులు వరసగా పెట్టి, వాటి మధ్యన సివంగికి గంధం బొట్టు పెట్టి, కదంబం దండ వేసి పూజ చేసేవాళ్ళు. మిల్లు పనివాళ్ళందరూ పెళ్ళాం బిడ్డలతో వరసగా వచ్చి దానికి దండం పెట్టుకొని, పొరి అనే బొరుగులు, వేయించిన సెనగలు, బెల్లం, కొబ్బరిముక్క ఒళ్ళో పట్టుకొని పోవాల. ఆ వరసలో నిలబడేదానికి మాకు ఏడాదంతా ఎదురుచూపు. ఆ పొరిలో సెనగలు ఏరుకొని ముందు తినేసి, ఉత్త పొరి తమ్ముళ్ళకి పెట్టేవాళ్ళము.

పూజ వస్తా ఉందంటే అమ్మకి పిలుపు వచ్చేది. ఏడాది లోపల ఎలకలు, చిమ్మెటలు సివంగిని ఏదో ఒకచోట విప్పి పెట్టేవి. గడ్డి కారేది, కడుపు జారేది. పెళ్ళి ఉన్నా, మదురై నుంచి పెద్దమనుషులు ఎవరన్నా వస్తా ఉన్నా మళ్ళీ పిలుపు. అమ్మ దూదిసంచి, దబ్బనం, పురికొస తీసుకొని బయలుదేరేది, నేను కర్ర పట్టుకొని వెనకాల. పోయే రోజు తెల్లారి లేచి తలకి పోసుకొని, పెట్టెలో చీర తీసి కట్టుకొని, తలలో మూరెడు మల్లెపూలు పెట్టుకొనేది. పరుపు కుట్టేదానికి పోయేటప్పుడు ఏనాడూ పూలు పెట్టని మనిషి. నేను పెద్ద ఇంటికి పోతాము కదా అందుకని అనుకొనేదాన్ని.

అసలు కారణం ఆ ఇంటి పెద్దామె. ఆమె గడప దగ్గరే నిలబడి, చీర కొంగు ముక్కుకి గట్టిగా అడ్డం పెట్టుకొని మాట్లాడేది. ఒక్క అడుగు లోపల వేసేది కాదు. ఆ ఇంటి పిల్లలు ఆమె వెనకాల నిలబడి తొంగి చూస్తా ఉంటే "లోపల పోకండి" అని వాళ్ళని వెనక్కి నెట్టేది. మా వాసన పడక అట్ల చేస్తాదని మా అమ్మ అనుకొనింది. నిజంగా అట్లే అనుకొనింది. తిరిగి వచ్చేటప్పుడు దారిలో నిలబడి, చెయ్యి ఎత్తి, "పాపా, నా మీద చెమట వాసన వస్తా ఉందా, చూడు," అని అడిగేది. నేను ముక్కు ఆనించి, "మల్లెపూల వాసనే వస్తా ఉందిమా," అని చెప్పేదాన్ని. వచ్చే ఏడాది పూలు ఇంకా ఎక్కువ పెట్టుకొనేది. ఆ పెద్దామె కొంగు ఎప్పుడూ దిగలేదు.

లోపల పని ఇట్ల జరిగేది. అమ్మ సివంగి కింద వెల్లకిలా పడుకొని కడుపు కుట్టు విప్పేది. గడ్డి పొడిపొడిగా ఆమె ముఖం మీద, ఎద మీద రాలేది, ఆ గడ్డిలో తెల్లటి పొడి, సున్నం మాదిరి. చెయ్యి మోచేతి దాకా లోపల పెట్టి, ఖాళీ ఎక్కడుందో తడిమి, నేను ఏకి ఇచ్చిన దూది పిడికెడు పిడికెడు అందుకొని కర్రతో కూరేది. దారం కొన నోట్లో పెట్టి తడిచేసి దబ్బనంలోకి ఎక్కించేది, అయిపోయినాక పంటితో కొరికేది, మళ్ళీ తడిచేసేది. మధ్యాహ్నం పెరట్లో బావి గట్టు మీద ఆకు వేసి మాకు అన్నం పెట్టేవాళ్ళు, వేడి అన్నం, గుమ్మడికాయ పులుసు, అప్పడం, అమ్మ చెయ్యి కడిగీ కడగనట్టు కడుక్కొని ముద్దలు చేసి నాకూ పెట్టేది, తానూ తినేది. రాలిన గడ్డి ఊడ్చి పారేసేది కాదు. కొంగులో మూట కట్టి ఇంటికి తెచ్చి పొయ్యి అంటించుకొనేది. ఊరికే పోయేదాన్ని పోనిచ్చే మనిషి కాదు.

కడుపు ఏడాదికి ఏడాది పెరిగింది. అమ్మ వేసేదే కానీ తీసేది కాదు కదా. ఒకసారి చాలు అనుకొని కుట్టు వెయ్యబోతే పెద్దామె గడప దగ్గర నుంచి, "ఇంకా బాగా కూరవే. మా మామగారు కొట్టిన పులి, బక్కపిల్లి మాదిరి ఉంటే చూసేవాళ్ళు ఏమనుకొంటారు?" అనింది. అమ్మ, "సరేమ్మా," అని ఇంకొక సంచి దూది పట్టించింది. ఒక ఏడాది ఎలకలు తోక సగం కొరికేసినాయి, అమ్మ మిగిలినదాన్ని లోపలికి మడిచి, మిల్లు తాడు ముక్క పెట్టి, మొద్దు చేసి కుట్టేసింది. ముఖం మీద చారలు వెలిసిపోతే నల్లదారంతో కుట్టింది. పూజరోజు వరసలో నిలబడి, మిల్లు మేస్త్రీలు, ఫిట్టర్లు, అకౌంటు చూసే అయ్యరు అందరూ చెప్పులు విడిచి మా అమ్మ కుట్టుకి దండం పెడతా ఉంటే నాకు ఒళ్ళు పొంగిపోయేది. ఇంటికి వచ్చి సందులో పిల్లలకి సివంగి ఆట నేర్పించినాను. ఒకరు కదలకుండా నాలుగు కాళ్ళ మీద నిలబడాల, ఇంకొకరు కింద దూరి కితకితలు పెడతా కడుపు కుట్టాల, నవ్వితే సివంగి చచ్చినట్టు.

అమ్మ చేతులు నాకు బాగా గుర్తు. దబ్బనం పట్టే మనుషుల చేతులు గట్టిపడతాయి, అది అందరికీ తెలిసిందే, మా సందులో అందరి చేతులూ గట్టివే. అమ్మవి వేరేగా ఉండేవి. అరచేతుల నిండా, అరికాళ్ళ నిండా చిన్న చిన్న ఆనెలు, మిరియాలు పరిచినట్టు. గోళ్ళ మీద అడ్డంగా తెల్లగీతలు. మెడ మీద, వీపు మీద నల్లబడిన చర్మంలో తెల్లచుక్కలు, దుమ్ము నేల మీద చినుకులు పడితే ఎట్లుంటాదో అట్ల. కాళ్ళు తిమ్మిరి అనేది, అన్నం సయించదు అనేది. దూది నూగు పడలేదు అన్నారు సందులోవాళ్ళు. రక్తం లేదు, బాగా తినమ్మా అన్నాడు డాక్టరు. నేను తొమ్మిదో తరగతి చదివే ఏడాది, ఆయుధపూజకి ఇంకా పిలుపు రాకముందే, అమ్మ చచ్చిపోయింది. పెద్ద ఇంటి నుంచి ఒక దండ పంపించినారు. నేను బడి మానేసి బ్యాండేజీ గుడ్డ మడిచే పనికి పోయినాను, తమ్ముళ్ళకి వండి పెట్టినాను, అక్కడితో నా బాల్యం సరి.

ఇప్పుడు కోపం సంగతి. సివంగిని తయారుచేసిన ఆయన పేరు రఘు, ఆ పెద్దామె మనవడు. ముప్పై దాటినవాడు, చదువుకొన్నవాడు, కంప్యూటరులో బొమ్మలు చేసేదే ఉద్యోగం. ఈ మెకాన్ని ఎట్ల చేసినాడో చెప్తా ఒక వీడియో కూడా పెట్టినాడు, సెల్వి అది కూడా చూపించింది. ఇల్లు పడగొట్టేముందు అన్ని పక్కల నుంచి ఫోటోలు తీసుకొన్నాడంట, ఆ ఫోటోలు చూసి చుక్క చుక్క లెక్క తప్పకుండా కంప్యూటరులో దించినాడంట. అదంతా చెప్పి, నవ్వుతా, "మా ఇంట్లో పిల్లలు ఒక్కరు కూడా దీన్ని తాకింది లేదు. ఆ కాలంలో చర్మం చెడకుండా పాషాణం పట్టించేవాళ్ళు, ఆర్సెనిక్, విషం కదా, ముత్తాత రోజుల నుంచే ఇంట్లో అందరికీ తెలుసు. మా అవ్వ అయితే ఆ గది దగ్గరికి వస్తేనే ముక్కు మూసుకొనేది," అన్నాడు.

నేను సెల్విని ఆపమన్నాను. మళ్ళీ పెట్టమన్నాను. మళ్ళీ విన్నాను. చింతపండు చేతులతోనే లేచి పెరట్లోకి పోయి నిలబడినాను.

ఇంట్లో అందరికీ తెలుసు. ఆ ముసలామెకి తెలుసు. ఆ కొంగు మా అమ్మ చెమటకి కాదు, ఆ తెల్లపొడికి. తన పిల్లల్ని వెనక్కి నెట్టిన చేతితోనే మా అమ్మని, నన్ను లోపలికి పొమ్మని చూపించింది. మా అమ్మ ఆ ముక్కుకి నచ్చేదానికని తెల్లారి లేచి స్నానం చేసి, పూలు కొనుక్కొని పోయి, నోట్లో దారం పెట్టుకొని ఆ విషం కింద పడుకొనింది. నా వాసన చూడమని దారిలో నన్ను అడిగింది. పిల్లికి చెలగాటం, ఎలక్కి ప్రాణసంకటం అంటారు, ఇక్కడ ప్రాణం లేని పిల్లి కూడా మా ప్రాణం తీసింది. నిజంగా దానివల్లనే పోయిందా అంటే నా దగ్గర రుజువు లేదు. కాల్చేసిన మనిషిని తెచ్చి ఎవరికి చూపించాల? ఆ చేతులు నేను చూసినాను. ఇప్పుడు సెల్వి ఫోనులో పాషాణం తగిలిన చేతులు ఎట్లుంటాయో చూపించింది. అవే చేతులు.

మరుసటి రోజే షేర్ ఆటో ఎక్కి రఘు దగ్గరికి పోయినాను. పెద్ద ఇల్లు ఉండిన చోట ఇప్పుడు కల్యాణమండపం, దాని వెనక కొత్త ఇంట్లో మాడి మీద, పై అంతస్తులో ఉంటాడు. మంచివాడే, ఆ మాట చెప్పాల. కుర్చీ వేసినాడు, కాఫీ తెప్పించినాడు, అక్కా అన్నాడు. "ఆ కడుపు మా అమ్మ కుట్టింది తంబీ," అన్నాను. అర్థం కాలేదు. మొదటి నుంచి చెప్పినాను, దూది, కర్ర, పెద్దామె బాగా కూరమన్నది, అంతా. వింటా వింటా ఆయన ముఖం వెలిగిపోయింది. "అంటే ఆ ఒళ్ళు దాని ఒళ్ళు కాదా? తోక?" అని అడిగినాడు. ఎలక కొరికిన తోక అని చెప్పినాను. ఫోన్ తీసి గబగబా ఏదో రాసుకొన్నాడు. "కంటికింద చార?" దారం అని చెప్పినాను. "అయ్యో, నేను దాన్ని ప్రత్యేక జాతి అనుకొన్నానక్కా," అని తలకొట్టుకొన్నాడు. ఆయన కంగారంతా ఆ మెకం గురించే.

అప్పుడు నేను వచ్చిన పని చెప్పినాను. ఆ బోర్డులో రాయమన్నాను. ఈ చర్మంలో పాషాణం ఉండింది, ఇంట్లోవాళ్ళకి తెలుసు, కుట్టేదానికి వచ్చిన ఆడమనిషికి చెప్పలేదు, ఆమె పేరు వెంగమ్మ, అంతే రాయి, నాకు ఇంకేమీ వద్దు అన్నాను.

రఘు కాఫీ గ్లాసు పక్కన పెట్టినాడు. "పిల్లలు ఆడే ఆటక్కా అది. విషం, చావు అని రాస్తే తీసేస్తారు," అన్నాడు. ఆ వెనకనే, "ఆ కాలంలో ఎవరికీ సరిగ్గా తెలియదు కదక్కా," అన్నాడు.

"మీ అవ్వ ముక్కుకి తెలిసింది కదా తంబీ," అన్నాను.

నేను కాఫీ తాగకుండా లేచి వచ్చేసినాను. దున్నపోతు మీద వాన పడినట్టు అయిందని దారంతా తిట్టుకొంటా వచ్చినాను. మా అమ్మయితే ఆ కాఫీ తాగి, గ్లాసు కడిగి పెట్టి వచ్చుండేది, అది తలుచుకొంటే కూడా కోపమే వచ్చింది.

జిన్నింగు ఫ్యాక్టరీ ఉండిన చోట ఇప్పుడు మోటారుబండ్ల షోరూము. సందులో నూగు లేదు, బండ్లు లేవు, పిల్లలు దగ్గు ఆట ఆడరు, అది మాత్రం మంచిదే. పరుపులు కుట్టేవాళ్ళు ఊళ్ళో ఒకరు కూడా మిగల్లేదు, అంతా స్పాంజి, చుట్టచుట్టి ప్లాస్టిక్ కవరులో వస్తాది. సప్పట్ట మామిడి సంతలో ఎప్పుడన్నా కనపడుతాది, పేరు చెప్పి అమ్మేవాళ్ళు తక్కువ. సివంగిని ఇల్లు పడగొట్టిన రోజు ఇటుకలతో పాటు లారీలో వేసి ఎక్కడో పారేసినారంట. ఎవరు ఎత్తి వేసినారో, వాళ్ళ చేతులకి ఏమయిందో ఎవరికీ తెలియదు. మా అమ్మ చేసిన పని లోకంలో ఎక్కడన్నా మిగిలి ఉండిందంటే ఆ కంప్యూటరు కడుపులోనే మిగిలి ఉండింది.

పోయిన ఆదివారం సెల్వి పిలిచింది. "అమ్మా, అతను సివంగిని సరిచేసి మళ్ళీ పెట్టినాడు," అనింది. దక్షిణ సివంగి అనే పేరు తీసేసినాడు. ప్రత్యేక జాతి అని రాసింది తీసేసినాడు. బోర్డు కింద చిన్న అక్షరాల్లో, పాత నమూనాలో తప్పులు చూపించిన స్థానికులకి కృతజ్ఞతలు అని రాసినాడు. వెంగమ్మ అని లేదు, పాషాణం అని లేదు. నేను చెప్పినదాంట్లో ఆ మెకానికి పనికొచ్చేది ఏరుకొని మిగిలింది పారేసినాడు. పాత సివంగి కావాలంటే దొరకదా అని అడిగితే, కొత్తది దించుకొంటే పాతది పోతాదమ్మా, అప్పుడే దించేసినాను అనింది సెల్వి.

ఆటలో గడ్డి మైదానం ఉంది, అటు చివర చెట్ల కింద సివంగి పడుకొని ఉండింది. లేచి ఒళ్ళు విరుచుకొనింది. కడుపు లోపలికి ఒదిగి, నడుము చేతికి అందేంత సన్నం, తోక పొడుగ్గా, రెండు చారలూ సమంగా. రెండడుగులు నడిచింది, ఆ వెనకనే పరుగు ఎత్తుకొనింది. ఆ పరుగు నేను నా బతుకులో చూడలేదు. నాలుగు కాళ్ళూ నేలకి తగలకుండా, వీపు వంగి సాగి, తోకతో మలుపు తిప్పుకొంటా కళ్ళు మూసి తెరిచేలోగా ఈ చివరికి వచ్చేసింది. సెల్వి నా పక్కకి తిరిగి, లోకంలో ఇంత వేగంగా పరిగెత్తే మృగం ఇంకొకటి లేదమ్మా, అందుకే దానికి కడుపు ఉండదు అనింది.

ఏళ్ళ తరబడి ఆ కడుపులో చెయ్యి పెట్టిన మనిషి మా అమ్మ. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ దూది కూరింది, ఇంకా కూరమంటే ఇంకా కూరింది. అందులో విషం ఉందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. అది పరిగెత్తే మెకమని కూడా ఎవరూ చెప్పలేదు.